సర్ఫింగ్ తాడే ప్రాణం నిలిపింది!

2003 అక్టోబరు 31, ఉదయం. హవాయిలోని కవాయ్ దీవి. సర్ఫింగ్ బోర్డు మీద పడుకుని అల కోసం చూస్తోంది పదమూడేళ్ల బెథనీ హామిల్టన్. ఎడమచెయ్యి నీళ్లలో వేలాడుతోంది. ఉన్నట్టుండి ఓ టైగర్ షార్క్ ఆ చేతిని దాదాపు భుజం దాకా కొరికేసింది.

సొరచేప కరిచినప్పుడు మనిషిని ఎక్కువగా చంపేది రక్తస్రావమే. పెద్ద ధమని తెగితే గడువు నిమిషాలే. బెథనీ స్నేహితురాలి తండ్రి అక్కడే ఉన్నాడు. బోర్డును కాలికి కట్టుకునే తాడు తీసి, చేతి మొదట్లో బిగించి కట్టాడు. అయినా ఆమె ఒంట్లోంచి సగానికి పైగా రక్తం పోయింది. అదే ఆసుపత్రిలో అదే ఉదయం ఆమె తండ్రికి మోకాలి ఆపరేషన్ జరగాలి. దాన్ని ఆపి, ఆ గదిలోకి కూతుర్ని తీసుకెళ్లారు!

ఇలాంటి గాయాన్ని చాలాసార్లు వెంటనే కుట్టేయరు. సొర నోట్లోని, సముద్రపు నీటిలోని బ్యాక్టీరియా లోపలే ఉండిపోతే చీము పడుతుంది. పళ్లముక్కలు మిగిలాయేమో ఎక్స్‌రేలో చూస్తారు. బాగా కడిగి, చచ్చిన కండను తీసేసి, యాంటీబయాటిక్స్ ఇస్తూ కొన్నిరోజులు తెరిచే ఉంచుతారు. బెథనీకీ రెండో ఆపరేషన్‌లోనే గాయాన్ని మూశారు. చెయ్యి అతికించే ప్రశ్నే లేదు, అది షార్క్‌తోనే పోయింది.

నెల తిరక్కుండానే ఆ అమ్మాయి మళ్లీ బోర్డెక్కింది. కుడిచేతికి పట్టు దొరికేలా బోర్డుకో పిడి బిగించారు. 2005లో అమెరికా జాతీయ సర్ఫింగ్ పోటీల్లో తన విభాగంలో విజేత... బెథనీయే!