సెల్‌ఫోన్‌లో వచ్చిన చిట్కా వైద్యం

రోగి దగ్గర కూర్చున్న మీకు సెల్‌ఫోన్‌లో ఎన్నో చిట్కాలు వస్తుంటాయి. వాటిని పాటించే ముందు ఇది గమనించండి. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు టిక్‌టాక్ వీడియో చూసి, తాగితే కరోనా రాదని నమ్మి, ఉమ్మెత్త రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. మన చల్లపల్లి పొలం గట్ల మీద కూడా మొలిచే ఈ మొక్కలో అట్రోపిన్ వంటి విషాలుంటాయి. నోరు ఎండిపోతుంది, గుండె దడ పుడుతుంది, మతి తప్పుతుంది.

వీడియోలో చెప్పేవారికి మీ రోగి షుగరు, కిడ్నీల స్థితి, వాడే మందులు తెలియవు. అందుచేత ఆ చిట్కాను మా డాక్టరుగారికి గాని నర్సమ్మకు గాని చూపించి అడగండి. ఎవరూ కోప్పడరు. అడగకుండా వాడుతున్న మందులు మానవద్దు.

పొరపాటున ఎవరైనా తాగితే బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలిన రసాన్ని, కాయలను వెంట తీసుకురండి. దేవుడిచ్చిన ప్రాణాన్ని జాగ్రత్తగా కాపాడుకుందాం.