పెరటి గుడ్డు, ఫారం గుడ్డు

మెట్ట సేద్యం, గొర్రెలు, మేకలే ఆధారమైన నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో కోడిగుడ్డు చాలాకాలం పెరటి సరుకే. నాటుకోడి ఒక విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వండుకుంటే ఒక పూట కూర, పొదిగిస్తే మందే పెరుగుతుంది. కాబట్టి గుడ్డు కూర చుట్టాలొచ్చినప్పుడో, బాలింతకో. వారం పొదిగిన గుడ్డును దీపానికి అడ్డంపెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు కనిపించాలి. తేటగా ఉంటే అందులో పిల్ల లేనట్టే. ఆడవాళ్ల ఈ నేర్పు ఏ శాస్త్రానికీ తీసిపోదు.

ఫారాలు ఈ లెక్క మార్చేశాయి. తెల్ల లెగ్‌హార్న్ కోడి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది, పొదగదు. 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన బి.వి.రావు చొరవతోనే 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) ఏర్పడి, గుడ్డు ధర నిర్ణయం రైతుల చేతికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనంలో వారానికి ఐదు గుడ్లు చేరాయి. పేదపిల్లలకు ఇంతకన్నా మేలైన మాంసకృత్తులు దొరకడం కష్టం.

నాటుదైనా, ఫారందైనా, పులుసుకు ఉడికించిన గుడ్డుకు గాట్లు పెడితేనే చింతపండు రసం లోపలికి దిగుతుంది. మరీ ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది: సొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలవడమే కారణం. హాని లేదు, రుచే తగ్గుతుంది. పచ్చి గుడ్డును నీళ్లలో వేస్తే తాజాది మునుగుతుంది, పాతబడింది తేలుతుంది.