కన్ను ఆగిన చోటు

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానే దిక్కయిన అనంతపురం మెట్టలో, వేరుశనగకు ఎర్ర గొంగళిపురుగు పడిందంటే రైతుకు ఆలోచించే తీరిక ఉండదు. మందుల అంగడికి పోతాడు, ఇచ్చిన డబ్బా తెచ్చుకుంటాడు. ఆ డబ్బా మీద డైమండు ఆకారంలో ఒక గుర్తుంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం అది లేబుల్ ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకూడదు. దాని కింది సగం ఎర్రగా ఉంటే అత్యంత విషం. పసుపు, నీలం, ఆకుపచ్చలకు వచ్చేసరికి తీవ్రత తగ్గుతూ వస్తుంది. కొనే ముందు రైతు దాన్ని చూశాడా? అడిగితే చూశాననే అంటాడు. అబద్ధమాడాలని కాదు, తన చూపు ఎక్కడెక్కడ తిరిగిందో ఎవరికీ గుర్తుండదు.

చూపు సాఫీగా సాగదు, గెంతుతుంది. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. ఇంచుమించు అంత మేరే కంటికి స్పష్టంగా ఆనుతుంది. అందుకే కన్ను ఒకచోట సెకనులో నాలుగో వంతు ఆగి, ఇంకోచోటికి దూకుతుంది. ఆ కదలికలను పట్టుకోవడానికి అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ 1898 ప్రాంతంలో కంటిగుడ్డు మీదే ప్లాస్టర్ తొడుగు పెట్టి, దానికి అల్యూమినియం ముల్లు తగిలించాడు. అలాంటిది కంట్లో ఉండగా ఎవరైనా మామూలుగా సరుకు కొనగలరా?

ఇప్పుడు ఒంటికి ఏదీ తగలనక్కర్లేదు. అర అంచున అమర్చిన చిన్న దీపం కంటికి కనపడని పరారుణ కాంతిని వేస్తుంది. కంటి ముందుపొర కార్నియా మీద అది మెరుపు చుక్కలా పడుతుంది. చూపు తిరిగితే కంటిపాప జరుగుతుంది, చుక్క మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్య ఎడాన్ని కెమెరా సెకనుకు 60 సార్లో, అంతకు మించో కొలిచి, చూపు ఎటు వాలిందో లెక్కగడుతుంది. ముందుగా కొన్ని గుర్తుల వైపు చూడమని మనిషిని అడిగి సరిచూసుకోవాలి. మన ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి వీధి వాకిట్లో ఈ పని సాగదు, అంగడి లోపలి నీడ కావాలి.

చూపు పసుపు రంగు మీద రెండు సెకన్లు నిలిచిందనుకోండి. విషమని తెలిసి జంకాడా, అర్థంకాక తికమకపడ్డాడా? యంత్రం చెప్పలేదు. పక్కన కూర్చుని రైతునే అడగాలి. కెమెరా అడ్డం రాకపోయినా, అది ఉందని ముందే చెప్పాలి. అతను ఒప్పుకుంటేనే కొలవాలి. ఇందులో రాజీ కుదరదు.

అయితే ఖాతా మీద మందు తెచ్చుకునే రైతు అరల వైపు చూసేదెంతసేపు? అంగడాయన చెయ్యి ఎటు పోతే కన్నూ అటే పోతుంది. కాబట్టి రైతు చూపుతో పాటు, డబ్బా చేతికిచ్చేటప్పుడు ఆ గుర్తు ఎటు తిరిగి ఉందో కూడా రాసుకోవాలి.