అటక మీద పాత వాల్వ్ మైకు దొరికిందా? ప్లగ్గు పెట్టే ముందు ఇవి చూసుకోండి

దాదాజాన్ కాలం నాటి మైకు అటక మీద దొరికితే చాలామంది మొదట చేసే పని ప్లగ్గు పెట్టి చూడటం. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న వాల్వ్ పరికరానికి ఒక్కసారిగా 230 వోల్టుల కరెంటు ఇస్తే లోపలి భాగాలు కాలిపోవచ్చు, మనిషికి షాక్ కొట్టొచ్చు. భవానీపురం లాంటి కృష్ణా ఒడ్డు ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదలో తడిసిన సామాను అయితే మరీ జాగ్రత్తగా ఉండాలి.

వాల్వ్ మైకు అని ఎలా తెలుస్తుంది?

మస్జిదుల్లో, జల్సాల్లో వాడే మైకులు ఎక్కువగా డైనమిక్ రకం. వాటిలో వాల్వ్ ఉండదు. పాత మైకు సెట్లలో వాల్వులు ఉండేది ఆంప్లిఫయర్‌లో. రేడియో, రికార్డింగ్ స్టూడియోల్లో వాడిన వాల్వ్ మైకు వేరు. దానికి ఎక్కువ పిన్నులున్న లావుపాటి కేబుల్, విడిగా ఒక పవర్ సప్లయ్ పెట్టె ఉంటాయి. జర్మనీకి చెందిన న్యూమన్ కంపెనీ 1949లో తెచ్చిన యూ-47 వీటిలో బాగా పేరున్నది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైన 1948 నాటికి రేడియో అంతా వాల్వుల మీదే నడిచేది.

ప్రమాదం ఎక్కడ?

ఫ్యాన్‌లో మనం కండెన్సర్ అంటామే, ఆ జాతి భాగమే కెపాసిటర్. పవర్ సప్లయ్‌లో ఉండే రకం కెపాసిటర్లు వాడకుండా ఉంచితే లోపల ఎండిపోతాయి. అప్పుడు ఫుల్ వోల్టేజీ ఇస్తే షార్ట్ అవుతాయి, ఒక్కోసారి పేలతాయి. పైగా ప్లగ్గు తీసేశాక కూడా వీటిలో కరెంటు నిలిచి ఉంటుంది. వాల్వ్ మైకు లోపల దాదాపు 100 నుంచి 200 వోల్టులు, వాల్వ్ ఆంప్లిఫయర్‌లో 300 పైనే ఉండొచ్చు. కాబట్టి మూత విప్పడం ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని కాదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

పైనున్న దుమ్మును మెత్తని బ్రష్‌తో తుడవండి. వైరు పగిలిందా, ఎలుకలు కొరికాయా చూడండి. మైకు జాలీలోకి ఊదొద్దు, స్పిరిట్ పోయొద్దు. లోపలి క్యాప్సూల్ పొర జుట్టు కంటే పల్చగా ఉంటుంది. పాత వాల్వును పారేయొద్దు. యూ-47లోని వీఎఫ్-14 లాంటివి ఇప్పుడు తయారు కావడం లేదు.

మెకానిక్ పాటించాల్సిన వరుస

1. కెపాసిటర్లలో మిగిలిన కరెంటును రెసిస్టర్‌తో దింపి, మీటర్‌తో చూసుకోవాలి.

2. పాడైన కెపాసిటర్లు, పగిలిన వైర్లు మార్చాలి. పాత సెలీనియం రెక్టిఫయర్ ఉంటే అదీ మార్చడం మేలు. అది కాలితే వచ్చే పొగ విషం.

3. త్రీపిన్ ప్లగ్గు వేసి, పెట్టెకు ఎర్త్ సరిగా అందుతోందో చూడాలి.

4. మైకు తగిలించకుండా, దాని బదులు డమ్మీ లోడ్ పెట్టి, పవర్ సప్లయ్‌ను సిరీస్ బోర్డు ద్వారా ఆన్ చేయాలి. బోర్డులో ఎల్ఈడీ కాకుండా పాత ఫిలమెంట్ బల్బు ఉండాలి. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయాలి.

5. తర్వాత నేరుగా కరెంటు ఇచ్చి వోల్టేజీలు కొలవాలి. సరిగ్గా ఉంటే స్విచ్ ఆపి, అప్పుడే మైకు కలపాలి. ఆన్‌లో ఉండగా కేబుల్ తీయడం, పెట్టడం చేయకూడదు.

6. కొన్ని నిమిషాలు వేడెక్కనిచ్చి, జానెడు దూరం నుంచి మాట్లాడి చూడాలి. చిటపట శబ్దం వస్తే తేమ ఒక కారణం కావొచ్చు. ఆపేసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో కొన్ని రోజులు ఉంచి మళ్లీ పరీక్షించాలి.

రిపేరుకు ఇచ్చే ముందు మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: "సిరీస్ బోర్డు మీద పెట్టి చూస్తారా, నేరుగా ప్లగ్గు పెడతారా?" నేరుగా అంటే సామాను వెనక్కి తెచ్చుకోండి. వాల్వుల పని తెలిసినవాళ్లు దొరికేదాకా అది పొడి చోట, ప్లగ్గు లేకుండా ఉండటమే మేలు.