పసిఫిక్‌లో నీళ్లు... డాలస్‌లో ఎండలు

మే నెలొచ్చిందంటే డాలస్‌లో మన తెలుగిళ్లలో సందడే సందడి. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగుతారు. పిల్లలకు సెలవులు. వనభోజనాలు, పెరట్లో గోంగూర మళ్లు సరేసరి. అప్పుడు మేమంతా ఒకరినొకరు అడుక్కునే ప్రశ్న ఒక్కటే - ఈసారి ఎండలెలా ఉంటాయి? జవాబు కోసం వాతావరణ శాస్త్రవేత్తలు ముందు చూసేది టెక్సాస్ ఆకాశం వైపు కాదు. వేల మైళ్ల దూరంలో, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్ సముద్రం వైపు.

2011 వేసవిని ఇక్కడి వాళ్లెవరూ మర్చిపోరు. డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో 71 రోజులు ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు 38 సెల్సియస్‌కు తగ్గలేదు. అందులో 40 రోజులు వరసగా! ఆ ఏడాది కరువులో టెక్సాస్ రైతులకు, పశుపోషకులకు 760 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. అంతకుముందు శీతాకాలంలోనే మధ్య పసిఫిక్ నీళ్లు మామూలు కన్నా చల్లబడ్డాయి. దీన్నే లా నినా అంటారు. నీళ్లు వేడెక్కితే ఎల్ నినో.

అక్కడి నీళ్లకూ ఇక్కడి ఎండకూ లంకె ఏమిటి? సముద్రం వెచ్చగా ఉన్నచోట తేమగాలి పైకి లేచి పెద్ద పెద్ద మేఘాలు కడతాయి. వాటి నుంచి వెలువడే వేడి పైగాలుల్ని కదిలిస్తుంది. చెరువులో రాయి వేస్తే అలలు గట్టుదాకా వచ్చినట్టు ఆ కదలిక ఒకటి రెండు వారాల్లో అమెరికా దాకా పాకుతుంది. వెచ్చని నీళ్ల చోటు మారితే మేఘాల చోటూ మారుతుంది. లా నినా శీతాకాలాల్లో వానల్ని నడిపించే పైగాలి ఉత్తరానికి జరిగి, టెక్సాస్ వైపు వానలు తగ్గుతాయి. నేలలో తడి ఉంటే ఎండ వేడి కొంత దాన్ని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి లేకపోతే వేడంతా గాలికే. 2011లో జరిగిందంతా లా నినా వల్లేనని చెప్పలేం గానీ, దాని చెయ్యి పెద్దదే.

ఈ దూరపు లంకెల్ని లెక్కలు కట్టి తేల్చే పని మనదేశంలోనే పెద్ద ఎత్తున సాగింది. 1904 నుంచి 1924 దాకా భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్, రుతుపవనాల్ని ముందే పసిగట్టాలని ఎక్కడెక్కడి వాతావరణ లెక్కలో పోల్చి చూశారు. 1971లో మాడెన్, జూలియన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఇంకో సంగతి బయటపెట్టారు. హిందూ మహాసముద్రం మీద మొదలయ్యే మేఘాల గుంపు తూర్పుకు సాగుతుంది. దాని ప్రభావం 30 నుంచి 60 రోజుల్లో భూమిని చుట్టి వస్తుంది. మన ఊళ్లలో వానలు నాలుగు రోజులు దంచికొట్టి, తర్వాత మొహం చాటేయడంలో దాని పాత్ర కూడా ఉంది. అదే గుంపు పసిఫిక్ మీదికి చేరాక అమెరికా వాతావరణాన్నీ కదుపుతుంది.

అందుకే మేరీలాండ్‌లోని క్లైమేట్ ప్రెడిక్షన్ సెంటర్ మూడు, నాలుగు వారాల ముందే అంచనాలిస్తోంది. అయితే ఇది జోస్యం కాదు. ఎండ ఎక్కువుండే అవకాశం 60 శాతమంటే, ఉండకపోయే అవకాశం 40 శాతమన్నమాట. పైగా ఈ లంకె శీతాకాలంలో ఉన్నంత గట్టిగా వేసవిలో ఉండదు.

అయినా ఆ మాత్రం కబురు ముందే అందితే మేలే. ఏసీ బాగుచేయించుకోవచ్చు, వనభోజనాలు పొద్దున్నే పెట్టుకోవచ్చు. బిల్లు వాచిపోతుందని మనం ఆఫీసుకెళ్లగానే ఏసీ కట్టేసే అమ్మానాన్నలకు నచ్చజెప్పడానికీ కాస్త వ్యవధి దొరుకుతుంది. వేసవిలో వడదెబ్బ ముందు తగిలేది పెద్దవాళ్లకే కదా!