చచ్చిపోయిన నాగరికతకు వయసు కట్టేదెలా?

కోట్ల ఏళ్ల తర్వాతి మాట అనుకుందాం. నక్షత్రాల మధ్య తిరిగే ఒక నౌకకు పాత లోహపు శకలం ఒకటి దొరికింది. చేసినవాళ్లు ఎవరో, ఇంకా ఉన్నారో లేరో తెలియదు. నౌకలోని వాళ్లకు ముందుగా తట్టే ప్రశ్న ఒకటే: ఇది ఎప్పటిది?

అలాంటి శకలాలు రెండింటిని మనమే పంపాం. 1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 అనే అంతరిక్ష నౌకలు బయల్దేరాయి. ఒక్కోదానికి బంగారు పూత పూసిన పన్నెండు అంగుళాల రాగి గ్రామఫోన్ రికార్డు బిగించారు. అందులో బొమ్మలు, సంగీతం, 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి.

రికార్డుకు తొడిగిన అల్యూమినియం మూతను దగ్గరగా చూడాలి. దాని మీద సుమారు రెండు సెంటీమీటర్ల మేర యురేనియం-238 పూత ఉంది. యురేనియం మెట్టు మెట్టుగా క్షీణిస్తూ చివరికి సీసంగా మారుతుంది. అందులో సగం తరగడానికి దాదాపు 450 కోట్ల ఏళ్లు పడుతుంది. అంతరిక్షపు చలి ఆ వేగాన్ని మార్చలేదు. ఎంత యురేనియం మిగిలిందో, ఎంత సీసం పుట్టిందో కొలిస్తే కాలం తేలిపోతుంది. భాష రాకపోయినా చదవగల గడియారం ఇది.

భూమి మీద ఆనవాళ్లకు ఇంత భద్రత లేదు. సముద్రపు అడుగు నేల మెల్లగా భూగర్భంలోకి కుంగిపోతుంటుంది; ఇప్పుడున్నదాంట్లో 20 కోట్ల ఏళ్లు దాటినది బహు అరుదు. మనకు కోట్ల ఏళ్ల ముందే ఇక్కడ పరిశ్రమలు నడిపిన జాతి ఒకటి ఉండి ఉంటే, ఆ సంగతి మనకు తెలిసేదా? గావిన్ ష్మిత్, ఆడమ్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్తలు 2018లో ఈ ప్రశ్న వేశారు. ఉండేదని వాళ్లు అనలేదు. ఉన్నా ఊళ్లూ రోడ్లూ మిగలవనీ, రాతిపొరల్లో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి మారడం వంటి రసాయన గుర్తుల కోసమే వెతకాలనీ చెప్పారు.

వాయేజర్ రికార్డు కోసం ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్‌తో కలిసి పనిచేసిన ఫ్రాంక్ డ్రేక్, 1961లోనే ఒక సమీకరణం రాశారు. పాలపుంతలో మనతో మాట కలపగల నాగరికతలు ఎన్ని ఉండవచ్చో అంచనా కట్టే లెక్క అది. అందులో చివరి అంశం, అలాంటి నాగరికత ఎంతకాలం నిలుస్తుందన్నది. నక్షత్రాలు ఎన్ని పుట్టాలో, గ్రహాలు ఎలా ఏర్పడాలో మన ఇష్టం కాదు. ఈ ఒక్క అంకె మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది.

వాయేజర్ రికార్డులోని ఆ 55 భాషల్లో మన తెలుగూ ఉంది. వాయేజర్-1 మరో నక్షత్రానికి కాస్త చేరువగా వెళ్లడానికే దాదాపు 40,000 ఏళ్లు పడుతుంది. మన పలకరింపు విని ఎవరైనా బదులు పలికితే, వినడానికి ఇక్కడ మనుషులుండాలి. ఆ పూచీ మనదే.