పసుపు తీగ, ఎర్ర తీగ

శుక్రవారం సాయంత్రం మా కారులో కొత్త స్టీరియో పెట్టించాం. ఆదివారం తెల్లవారుజామున నాయనమ్మను రైలెక్కించాలి. నాన్న తాళం తిప్పితే ఇంజను టిక్కు టిక్కుమంది తప్ప కదల్లేదు. బ్యాటరీ చచ్చిపోయింది. ఆ చీకట్లో ఆటో దొరికేసరికి మా అందరి గుండెలూ గొంతులోకొచ్చాయి. రైలైతే అందింది గానీ, “పాటల కోసం బండినే పాడుచేశారు” అని నాయనమ్మ ప్లాట్‌ఫారం మీద అన్నమాట ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

తప్పు పాటలది కాదు, ఒక ఎర్ర తీగది. బయట కొనే స్టీరియోలకు రెండు కరెంటు తీగలుంటాయి. పసుపు తీగ నేరుగా బ్యాటరీకి పోతుంది. తాళం తీసినా అందులో 12 వోల్టులు ఉంటాయి. స్టేషన్లు, గడియారం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి అది కావాలి. ఎర్ర తీగ తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే చోటికి కలవాలి. “ఇక లే, ఇక పడుకో” అని సెట్‌కు చెప్పేది అదే. నల్ల తీగ కారు బాడీకి, అంటే ఎర్త్‌కు.

మాది పాత కారు. పాత ప్లగ్గులో ఎర్ర తీగకు రావలసిన కరెంటు రావడం లేదు. షాపులో బిగించినతను వెతికే ఓపిక లేక ఎర్రదాన్నీ పసుపుదాన్నీ మెలిపెట్టి టేపు చుట్టేశాడు. మేం తెర ఆపేసి ఇంటికొచ్చాం, లోపల సెట్ మాత్రం మేలుకొనే ఉంది. అది 1 ఆంపియర్ చొప్పున లాగుతుందనుకోండి. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు ఉంటుంది. అంటే 35 గంటలకు మొత్తం ఖాళీ. ఇంజను తిప్పే బలం అంతకు చాలా ముందే పోతుంది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారుజాము దాకా ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి!

సిగ్నల్స్‌లో పనిచేసే ఎదురింటి అంకుల్ మల్టీమీటరుతో వచ్చారు. “బేటా, తాళం తిప్పు, ఇప్పుడు తియ్యి” అంటూ ఒక్కో తీగా చూసి, మొబైల్ చార్జర్ పెట్టే సాకెట్ వెనక తాళంతో వచ్చీపోయే కరెంటు పట్టుకున్నారు. ఎర్ర తీగను విడదీసి దానికి కలిపారు. పది నిమిషాల పని. ఆ రోజు నుంచి నేను ఈ విషయాలు అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది డబ్బా మీది అంకె. మా సెట్ మీద “50 వాట్లు × 4” అని పెద్దక్షరాల్లో ఉంది. పదో తరగతి సూత్రం గుర్తుందా? వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే పవర్. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. మామూలు కారు స్పీకరు 4 ఓమ్‌లు. 14.4 వర్గాన్ని 4తో భాగిస్తే దాదాపు 52. డబ్బా మీది 50 ఇక్కడిదే! కానీ ఆ 52 రావాలంటే వోల్టేజి క్షణం కూడా తగ్గకుండా అటు కొసకో ఇటు కొసకో అంటుకుని ఉండాలి. అలా వచ్చేది పాట కాదు, గీర. నున్నగా పైకీ కిందకీ వెళ్లే సైన్ తరంగానికి అందులో సగమే, 26 వాట్లు. సర్క్యూట్‌లో పోయేది పోగా శుభ్రంగా వినిపించేది 15 నుంచి 20. అందుకే పెద్ద అంకె వదిలేసి, లోపలి కాగితంలో ఆర్‌ఎంఎస్ అని రాసి ఉన్న అంకె చూడాలి.

చేతిలో ఉన్నవి ఆ కాసిని వాట్లే కాబట్టి స్పీకర్ల ఎంపిక ముఖ్యం. ప్రతి స్పీకరుకూ సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. అది 3 డెసిబెల్స్ ఎక్కువుంటే, సగం పవర్‌తోనే అంతే గట్టిగా మోగుతుంది. నాన్న 15 వేలు దాటొద్దన్నారు. దాన్లో ఎక్కువ భాగం పెద్ద తెరకే పోసేశాం. ఇప్పుడైతే మామూలు తెర తీసుకుని, ముందు తలుపులకు మంచి ఆరున్నర అంగుళాల స్పీకర్లు వేయించమంటాను. వినేవాళ్లలో ఎక్కువమంది ముందే కూర్చుంటారు కదా. వెనక అట్ట మీద పెట్టే కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

ఇంకో చిక్కు. స్పీకరుకు ప్లస్, మైనస్ ఉంటాయి. ఒకవైపు స్పీకరు తీగలు తారుమారైతే ఒక కోన్ బయటికి తోస్తున్నప్పుడు రెండోది లోపలికి లాగుతుంది. గాలి కదలికలు ఒకదాన్నొకటి తినేసి, డప్పు శబ్దం సన్నగిల్లిపోతుంది. పరీక్ష తేలిక. బిగించకముందే గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలితే కోన్ బయటికి కదులుతుంది. మా చెల్లి ఇది ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు.

వేరే యాంప్లిఫయరు పెట్టించే వాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. దానికి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగుతారు. ఆ తీగకు ఫ్యూజు బ్యాటరీ నుంచి మూరెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ముందుగా యాంప్లిఫయరును కాదు, తీగను. కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర రేకు అంచుకు రాసుకుని తీగ తొక్క ఊడితే వందల ఆంపియర్లు పారి తీగ ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు యాంప్లిఫయరు పక్కన ఉంటే అది చల్లగా చూస్తూ కూర్చుంటుంది, ఎందుకంటే ఆ కరెంటు దానిదాకా రాదు. ఆ రంధ్రానికి రబ్బరు రింగు కూడా వేయించండి, దాని ఖరీదు ఎంతో లేదు.

అంకుల్ చెప్పిన ఇంకో పని కూడా చేశాం. కారు అసలు తీగలు కోయకుండా కప్లర్‌తోనే కలిపించి, పాత సెట్‌ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాం. మళ్లీ బదిలీ వచ్చి కారు అమ్మాల్సి వస్తే పాతది బిగించి ఇచ్చేస్తాం, కొత్తది మాతో వస్తుంది.